ఆర్ స్క్రిప్టు నుంచి గ్రాఫులు నేరుగా పవర్‌పాయింట్‌లోకి: సోమవారం స్లైడ్ల గోలకి నా సమాధానం

తమ్ముడు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తా, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసులో ఉద్యోగం. యార్డు ధరలు, కోల్డ్ స్టోరేజీల్లో నిల్వలు, చేతిలో ఉన్న ఆర్డర్లు అన్నీ ఎక్సెల్ ఫైళ్లలో వస్తాయి. డేటా లెక్కలకీ గ్రాఫులకీ వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టు రాసుకున్నాడు, అందులో గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్‌తో గ్రాఫులు బాగానే వస్తున్నాయి. వాటిని బొమ్మలుగా సేవ్ చేసి, ఒక్కొక్కటీ పవర్‌పాయింట్‌లో అతికించి, సైజు సరిచేసి, హెడ్డింగులో తేదీ మార్చి, సోమవారం పది గంటల మీటింగుకి 36 స్లైడ్లు సిద్ధం చేయాలి. ప్రతి ఆదివారం సాయంత్రం దీనికే పోతోంది. "అన్నా, ఇదంతా స్క్రిప్టే చేసేలా కుదురుతుందా? ఏ ప్యాకేజీ వాడాలి?" అని ప్రశ్న.

కుదురుతుంది. ప్యాకేజీ పేరు 'ఆఫీసర్'. డేవిడ్ గోహెల్ రాశాడు. ఆయనే అంతకుముందు 'రిపోర్టర్స్' అని ఇంకోటి రాశాడు, దానికి జావా కావాల్సి వచ్చేది. ఆ రోజుల్లో జావా ఇన్‌స్టాల్ చేయించడానికి ఐటీ వాళ్ల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఆఫీసర్‌కి జావా అక్కర్లేదు, అసలు ఆ కంప్యూటర్‌లో పవర్‌పాయింటే ఉండక్కర్లేదు. పీపీటీఎక్స్ ఫైలంటే నిజానికి ఒక జిప్ మూట. నమ్మకం లేకపోతే ఒక కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడు. స్లైడ్లకి ఒక ఫోల్డరు, లేఅవుట్లకి ఒకటి, బొమ్మలకి ఒకటి కనిపిస్తాయి. ఆఫీసర్ ఆ మూట విప్పి, లోపలి ఎక్స్ఎంఎల్ ఫైళ్లు మార్చి, మళ్లీ కట్టేస్తుంది.

ప్యాకేజీ పేరు చెప్పి ఊరుకుంటే మాత్రం నువ్వు వచ్చే వారం ఇదే ప్రశ్న ఇంకో రకంగా అడుగుతావు. విజయవాడలో నేను ఇలాంటి రిపోర్టులే చాలా ఏళ్లుగా చేస్తున్నా, ఇద్దరు ముగ్గురికి నేర్పించా కూడా. అందరూ ఒకే పొరపాటు చేస్తారు. మొదటి రోజే లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) రాసి 36 స్లైడ్లు ఒక్క దెబ్బకి పుట్టించేస్తారు. అవి చూడ్డానికి బాగుండవు. ఇక ప్రతి బొమ్మకీ ఎడమ నుంచి ఎన్ని అంగుళాలు, పై నుంచి ఎన్ని అంగుళాలు అని స్క్రిప్టులో అంకెలు కుక్కడం మొదలవుతుంది. నెల తిరిగేసరికి ఆ స్క్రిప్టు ముట్టుకోవాలంటే రాసినవాడికే భయం. అసలు పని స్క్రిప్టులో లేదు, టెంప్లేట్‌లో ఉంది. ఒక పూటంతా టెంప్లేట్‌కే పెట్టు.

ఎలాగంటే, మీ కంపెనీ వాడే ప్రెజెంటేషన్ ఒకటి తీసుకో. లోపలి స్లైడ్లన్నీ తీసేసి ఖాళీ ఫైలుగా సేవ్ చెయ్. స్లైడ్లు ఉంచేస్తే ఆఫీసర్ వాటిని అలాగే వదిలేసి, నీవి వాటి వెనక చేరుస్తుంది. ఎప్పటిదో పాత స్లైడు మొదట కనబడి మీటింగులో నవ్వులపాలవుతావు. తర్వాత వ్యూ మెనూలో స్లైడ్ మాస్టర్‌లోకి వెళ్లు, స్లైడ్ల మూసలు, అంటే లేఅవుట్లు, ఉండేది అక్కడే. నీకు కావాల్సినవి మహా అయితే నాలుగు లేఅవుట్లు: మొదటి పేజీ, పెద్ద గ్రాఫు ఒకటే ఉన్నది, గ్రాఫు పక్కన నాలుగు మాటలు రాసుకునేది, టేబుల్‌ది. మిగతావి నిర్దాక్షిణ్యంగా తీసెయ్.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. ప్రతి లేఅవుట్‌లో చుక్కల గీతల పెట్టెలు ఉంటాయి కదా, ప్లేస్‌హోల్డర్లు, వాటికి పేర్లు ఉంటాయి. పవర్‌పాయింట్ పెట్టే పేర్లు 'కంటెంట్ ప్లేస్‌హోల్డర్ 2' లాంటివి, గుర్తుపెట్టుకోలేం. ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కుడిపక్క సెలెక్షన్ పేన్ వస్తుంది. అక్కడ ఒక్కో పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి నీకు అర్థమయ్యే పేరు పెట్టుకో. నేను హెడ్డింగు, గ్రాఫు, మాట, ఆధారం అని నాలుగే పేర్లు వాడతా, అన్ని లేఅవుట్లలోనూ అవే. స్క్రిప్టులో అంగుళాల ఊసే ఉండదు. 'ఈ గ్రాఫుని గ్రాఫు అనే పెట్టెలో పెట్టు' అని పేరు చెప్తే చాలు, దానికి 'పీహెచ్ లొకేషన్ లేబుల్' అనే ఫంక్షను ఉంది. రేపు మీ ఎండీ గారు లోగో కుడివైపుకి మార్చమంటే టెంప్లేట్ తెరిచి జరుపుతావు, స్క్రిప్టు ముట్టుకోవు. ఒకే లేఅవుట్‌లో రెండు పెట్టెలకి ఒకటే పేరు మాత్రం పెట్టకు, దేనిలో పెట్టాలో తెలియక ఎర్రర్ ఇస్తుంది.

ఇంకో చిన్న తలనొప్పి స్లైడు నంబరు. టెంప్లేట్‌లో ఉంది కాబట్టి అదే వచ్చేస్తుందిలే అనుకుంటాం, రాదు. ఆఫీసర్ కొత్త స్లైడు కలిపితే అది ఖాళీగా వస్తుంది, నువ్వు నింపిన పెట్టెలే కనిపిస్తాయి. నంబరు పెట్టెని కూడా నువ్వే నింపాలి. "ఏడో స్లైడుకి వెళ్లండి" అని అందరూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటుంటే అప్పుడు నాకు తెలిసింది.

స్లైడు సైజు కూడా చూసుకో. టెంప్లేట్ ఇవ్వకుండా ఆఫీసర్‌ని వాడితే దానిలోని సొంత టెంప్లేట్ వస్తుంది, అది పాతకాలం టీవీలా 10 అంగుళాల వెడల్పు, ఏడున్నర ఎత్తు. ఇప్పటి వెడల్పు స్లైడు 13.33 అంగుళాలు.

గ్రాఫుల సంగతికి వద్దాం. నువ్వు ఇప్పుడు చేస్తున్నట్టు ముందు ఫైలుగా సేవ్ చేసి తర్వాత అతికించడం మానెయ్. జీజీప్లాట్ వస్తువునే నేరుగా పెట్టెలోకి పంపొచ్చు, ఆ పెట్టె కొలతకే బొమ్మ తయారవుతుంది. సాగదీసిన అక్షరాలు, గుడ్డులా మారిన గుండ్రాలు ఉండవు. అక్షరం సైజు మాత్రం పెంచు. జీజీప్లాట్ మామూలుగా ఇచ్చే 11 కాగితానికి సరిపోతుంది, గది చివర కూర్చున్న పెద్దాయనకి కనపడదు. నేను 16కి తగ్గను.

గ్రాఫు మూడు రకాలుగా పంపొచ్చు. ఒకటి, మామూలు బొమ్మ. రెండు, 'ఆర్‌వీజీ' ప్యాకేజీతో గీతలుగా, అప్పుడు పవర్‌పాయింట్‌లో ఒక్కో గీతా ఒక్కో అక్షరం పట్టుకుని మార్చుకోవచ్చు. మూడు, 'ఎంఎస్‌చార్ట్' ప్యాకేజీతో అసలైన పవర్‌పాయింట్ చార్టుగా, రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కితే ఎక్సెల్ తెరుచుకునేలా. ఈ రెండూ గోహెల్ రాసినవే. పైవాళ్లు మూడోదే అడుగుతారు, ఎందుకంటే మీటింగుకి అరగంట ముందు రంగు మార్చాలని అందరికీ అనిపిస్తుంది. నేను మాత్రం చాలా స్లైడ్లకి రెండోదే వాడతా. ఎంఎస్‌చార్ట్‌లో బార్లు, గీతలు లాంటి మామూలు చార్టులే గీయగలం. జీజీప్లాట్‌లో నువ్వు కష్టపడి సర్దుకున్న అందం అంతా అక్కడ ఉండదు.

దాని గురించి ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా. ఎడిట్ డేటా నొక్కితే తెరుచుకునే ఆ ఎక్సెల్ స్లైడులోనే దాగి ఉంటుంది. నువ్వు చార్టుకి ఏ డేటా ఇచ్చావో ఆ డేటా ఫైలుతోపాటు ఊరేగుతుంది. వారానికో సగటు ధర చూపించడానికి, ఏ పార్టీ ఎంతకి కొన్నాడో ఉన్న మొత్తం టేబుల్ ఇచ్చావనుకో, ఆ పీపీటీ మెయిల్లో అందుకున్న బయటి బయ్యరు రెండు క్లిక్కుల్లో మీ గుట్టు చూసేసే ప్రమాదం ఉంది. ముందు సగటు కట్టి, ఆ నాలుగు అంకెలే చార్టుకి ఇవ్వు.

తెలుగు అక్షరాల దగ్గర నీకు తప్పకుండా చిక్కొస్తుంది, ఇది కాస్త వివరంగా చెప్తా. గ్రాఫు హెడ్డింగులో 'మిర్చి' అని రాస్తే స్లైడు మీద 'ర' మీది పొల్లు విడిపోయి, పక్కన 'చి' వేరేగా, మధ్యలో చుక్కల గుండ్రం వస్తుంది చూడు, అదీ. 'గుంటూరు' బాగానే వస్తుంది, ఒత్తులు, పొల్లులు ఉన్న మాటల దగ్గరే తేలిపోతుంది. అక్షరాలని ఒకదానితో ఒకటి కలిపే పనిని బొమ్మ గీసే భాగం, అంటే గ్రాఫిక్స్ డివైస్ చేయాలి. ఆర్‌లో పాత డివైసులు కొన్ని అది సరిగ్గా చేయవు. 'రాగ్' అనే ప్యాకేజీ చేస్తుంది. బొమ్మలుగా పంపినప్పుడు తెలుగు ఇలా చెడితే, స్క్రిప్టులోనే రాగ్‌తో పీఎన్‌జీ తయారుచేసి, దాన్ని బయటి బొమ్మగా పెట్టెలోకి పంపు. ఫైలుగా సేవ్ చేయడం మానెయ్ అన్నదానికి ఇదొక్కటే మినహాయింపు. ఆర్‌వీజీతో పంపితే ఈ బాధ ఉండదు, ఎందుకంటే అక్షరాలు కలిపే పని పవర్‌పాయింటే చూసుకుంటుంది. అయితే ఆ ఫాంటు తెరిచే కంప్యూటర్‌లోనూ ఉండాలి. అందుకే విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ వాడటం క్షేమం. గూగుల్ ఫాంట్లలో మండలి నాకు ఇష్టం, మన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చింది, స్లైడు మీద ముచ్చటగా ఉంటుంది. కానీ మీటింగు గదిలోని ల్యాప్‌టాప్‌లో అది లేక అంతా వేరే ఫాంటులోకి మారిపోయి పరువు పోయింది ఒకసారి. ఇప్పుడు దాన్ని బొమ్మల్లోనే వాడతా.

విండోస్ మీద ఆర్ వెర్షన్ 4.2 కన్నా పాతదైతే ముందు అది మార్చు. 2022లో వచ్చిన ఆ వెర్షన్ నుంచే విండోస్‌లో ఆర్ యూటీఎఫ్-8ని, అంటే తెలుగుతో సహా అన్ని లిపుల్నీ పట్టే అక్షరాల కోడింగ్‌ని, సొంతంగా వాడుతోంది. అంతకుముందు తెలుగు మాటల బదులు కోడ్ నంబర్ల వరసలు కనిపించేవి, వాటితో పడ్డ పాట్లు మళ్లీ తలుచుకోను.

అంకెల్లో కామాలు కూడా చూడు. కామాలు పెట్టమంటే ఆర్ మామూలుగా పన్నెండు లక్షల ముప్పై వేలని 1,230,000 అని రాస్తుంది. మన వ్యాపారులు అది చూసి ఒక్క క్షణం ఆగుతారు, ఆ క్షణంలో నువ్వు చెప్పే పాయింటు పోతుంది. కుడివైపు మూడంకెలు, తర్వాత రెండేసి అంకెలకి కామా పెట్టే చిన్న ఫంక్షను నాలుగు లైన్లలో రాసుకుని అన్ని గ్రాఫులకీ అదే వాడు.

ఇక డేటా. స్క్రిప్టు ఎంత బాగున్నా ఎక్సెల్ నింపేది మనిషే. మా దగ్గర ఒక వారం తేజ రకానికి మూడు స్లైడ్లు వచ్చాయి. మూడింటి హెడ్డింగూ 'తేజ' అనే. ఒకదానిలో ధర గీత సోమ, మంగళవారాల్లోనే ఉంది, ఇంకోదానిలో బుధవారం ఒక్కటే చుక్క. ఒక గంట పట్టింది కనుక్కోవడానికి. ఒకచోట 'తేజ' తర్వాత ఒక స్పేసు ఉంది. ఇంకోచోట కంటికి కనపడని అక్షరం ఉంది. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు నిలబెట్టడానికి వాడతాం కదా, జీరో విడ్త్ నాన్ జాయినర్, అది పొరపాటున పడింది. అదనపు స్పేసుల్ని 'ఎస్‌టీఆర్ స్క్విష్' అనే ఫంక్షను తీసేస్తుంది, ఈ రెండోదాన్ని ముట్టుకోదు, అది స్పేసు కాదు కాబట్టి. దాన్ని విడిగా తీసెయ్యాలి. అదీ లెక్కలు కలపడానికి వాడే కాలమ్‌లోనే తీసెయ్, స్లైడు మీద చూపించే మాటల్లో కాదు. చూపించే మాటల్లో తీసేస్తే 'మార్కెట్‌లో' అన్నది 'మార్కెట్లో' అయిపోతుంది. ఇంతకన్నా మంచి దారి ఏంటంటే, తేజ, బాడిగ, 334, 341 అని మీరు వాడే రకాల పేర్ల పట్టిక ఒకటి విడిగా పెట్టుకో. అందులో లేని పేరు వస్తే స్క్రిప్టు ఆగిపోయి ఆ పేరు చూపించాలి.

యూనిట్లు కూడా అంతే. యార్డుకి వచ్చే సరుకు లెక్క టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో), ధర క్వింటాకి, కోల్డ్ స్టోరేజీ నిల్వ ఇంకో లెక్కలో వస్తుంది. టిక్కీకి ఎన్ని కిలోలు పట్టుకుంటారో మీ వాళ్లని అడిగి, స్క్రిప్టులో ఒకే ఒక్క చోట రాయి. రెండు చోట్ల రాస్తే ఏదో ఒక రోజు ఒకటే మారుస్తావు.

తేదీ గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. అప్పుడు వేరే చోట పనిచేసేవాణ్ని. నా స్క్రిప్టు హెడ్డింగులో తేదీని కంప్యూటర్ గడియారం నుంచి తీసుకునేది. ఆ వారం డేటా పంపాల్సిన అబ్బాయి సెలవులో ఉన్నాడు, ఫోల్డర్లో పాత ఫైలే ఉంది. స్క్రిప్టు ఎంచక్కా నడిచింది. స్లైడ్లన్నిటి మీదా ఈ వారం తేదీ, లోపల పోయిన వారం అంకెలు. గ్రాఫు కింద సోమ, మంగళ, బుధ అని వారాల పేర్లే ఉండటంతో నాకూ తెలియలేదు. మీటింగులో ఒక పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, "బుధవారం పండక్కి యార్డు మూసేశారు కదయ్యా, ఆ రోజు టిక్కీలు ఎవరు దింపారు?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. చేత్తో స్లైడ్లు చేసే రోజుల్లో ఇలా జరిగేది కాదు, ఎందుకంటే అతికించేటప్పుడైనా ఒకసారి కన్ను పడేది.

అప్పటినుంచి హెడ్డింగులో తేదీ డేటాలోని చివరి తేదీ నుంచే తీసుకుంటున్నా. అది ఏడు రోజులకన్నా పాతదైతే స్క్రిప్టు పీపీటీ తయారుచేయదు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ధర పోయిన వారం కన్నా పావు వంతుకి మించి ఎగిరినా, పడినా ఆగుతుంది. మిర్చిలో అంత మార్పు నిజంగానే రావొచ్చు, కాదనను. అప్పుడు నేను చూసి, నిజమేనని ఒక లైనులో ఒప్పుకుంటే ముందుకి వెళుతుంది. 15,500 బదులు ఒక సున్నా ఎక్కువ కొట్టిన సందర్భాలు రెండుసార్లు ఇలాగే దొరికాయి.

టేబుళ్లకి 'ఫ్లెక్స్‌టేబుల్' వాడు, అదీ గోహెల్‌దే. ఒక్క జాగ్రత్త: వరసలు ఎక్కువైతే టేబుల్ దానంతటది తర్వాతి స్లైడుకి పోదు, కింద నుంచి జారి స్లైడు బయటికి వేలాడుతుంది. పన్నెండు వరసలకి ఒక స్లైడు చొప్పున నువ్వే ముక్కలు చేసుకో.

"క్వార్టోతో కూడా పీపీటీ వస్తుందట కదా" అని కింద కామెంట్లలో ఇంకొకరు అడిగారు. మాటలూ కోడూ కలిపి రాస్తే రిపోర్టు తయారుచేసే సాధనం అది. వస్తుంది. మాటలు ఎక్కువ, గ్రాఫులు తక్కువ ఉంటే అది హాయి. కానీ లోపల పనిచేసే పాన్‌డాక్ (ఫైళ్లని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే ప్రోగ్రాం) కొన్ని పేరున్న లేఅవుట్లనే గుర్తుపడుతుంది, నీ సొంత లేఅవుట్ పెడతానంటే కుదరదు. కంపెనీ టెంప్లేట్ పట్టుదల ఉన్నచోట ఆఫీసరే దిక్కు. పైతాన్ వచ్చినవాళ్లకి 'పైతాన్-పీపీటీఎక్స్' ఉంది. అందులో ఇప్పటికే ఉన్న చార్టులో డేటా మాత్రం మార్చే సౌకర్యం బాగుంటుంది. ఉన్న స్క్రిప్టు ఆర్‌లో ఉండగా దీనికోసం భాష మార్చమని నేను చెప్పను. ఎక్సెల్ చార్టుల్ని లింకుగా అతికించే పద్ధతి జోలికి వెళ్లకు. ఫైలు ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మారితే లింకులన్నీ తెగుతాయి.

విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో సోమవారం ఆరింటికి స్క్రిప్టు నడిచేలా పెట్టుకోవచ్చు. కంప్యూటర్ నిద్రలో ఉండకూడదు. ఆ ముందురోజు పీపీటీ పవర్‌పాయింట్‌లో తెరిచి వదిలేసి ఉండకూడదు, తెరిచున్న ఫైలు మీద ఆఫీసర్ రాయనంటుంది. నేను ఫైలు పేరులోనే తేదీ పెడతా, ఆ గొడవే ఉండదు, పాతవి కూడా మిగులుతాయి. మొదటి నెల మాత్రం షెడ్యూలర్ వద్దు. నువ్వే నడిపి, నువ్వే 36 స్లైడ్లూ ఒకసారి తిప్పి చూడు, ఐదు నిమిషాల పని.

చివరగా, గ్రాఫు పక్కన రాసే మాటల సంగతి. "వర్షాలకి సరుకు తడిసి డీలక్స్ రకం తగ్గింది" లాంటివి స్క్రిప్టు రాయలేదు, నువ్వే రాయాలి. వాటిని పీపీటీలోకి వెళ్లి టైపు చేశావనుకో, ఎవరో ఒక అంకె సరిచేసి మళ్లీ నడపమంటారు, రాసినవన్నీ ఎగిరిపోతాయి. నాకు రెండుసార్లు అలాగే అయింది, రెండోసారి రాత్రి పదకొండింటికి. అందుకని ఎక్సెల్లోనే ఇంకో షీటు పెట్టు: తేదీ, రకం, మాట, మూడే కాలమ్‌లు. స్క్రిప్టు ఆ వారం మాటని తీసుకుని 'మాట' అనే పెట్టెలో పెడుతుంది. ఆ వారానికి మాట లేకపోతే గ్రాఫు ఒకటే ఉన్న లేఅవుట్ వాడమని ఒక షరతు రాయి, పక్కన ఖాళీ కనపడదు. ఆ షీటుని మీ యార్డులో తిరిగే గుమస్తా గారికి ఇస్తే ఆయన ఫోన్లోంచే నింపుతారు. ధర ఎందుకు కదిలిందో నీకన్నా, నాకన్నా ఆయనకే బాగా తెలుసు.